తిమ్మిరిని మరాఠీలో ఏమంటారు

యూనిట్ టెస్టులో ఐదో ప్రశ్న నేనే పెట్టాను:
ముంగీ, దీనికి బహువచనం రాయండి.
తోకల కాంచన అక్కడ గీత గీసి వదిలేసింది.
ఇరవైకి ఆరు.
ఎర్ర సిరాలో నా సంతకం, కింద వాళ్ల నాయన వేలిముద్ర.

ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ,
అడివంచు చుట్టాలొస్తే కాస్త గోండీ.
మా అంకీసలో ఏ పిల్ల నాలుక మీదైనా మూడు బాటలు.
ప్రశ్నపత్రం మాత్రం ఒకదాని మీదే నడవమంటుంది.

ఈసారి నోటి పరీక్ష బళ్ళో వద్దనుకున్నాను.
శుక్రవారం. సర్కారు దవాఖాన.
సాతారా నుంచి వచ్చిన కుర్ర డాక్టరుకి
మనవాళ్ల నొప్పులు తెలియవు,
మనవాళ్లకి ఆయన మాట తెలియదు.
మధ్యలో ఒక స్టూలు.
సరేనన్న రోగి పక్కన ఒక్కో పిల్లను కూచోబెట్టాను.
నా చేతిలో అట్ట, అట్ట మీద కాగితం:
స్పష్టత మూడు, పదసంపద మూడు,
ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాలుగు.

కాంచన వంతుకి ఎల్లుబాయి వచ్చింది.
గోదారి అవతల రెండు నెలలు మిరపకాయ ఏరి
మొన్ననే జీపు దిగిన ముసలమ్మ.
"చెయ్యి సలుపుతంది బిడ్డా.
మోచేతికాడ గుంజుతంది. ఏళ్లు తిమ్మిరి."

దుఖ్తయ్ అంటే అయిపోయేది.
ముందు ముగ్గురూ అంతే అన్నారు,
నేనూ అంతే వేశాను మార్కులు.
ఈ పిల్ల ఆగింది.
సలుపుని ఠణకతయ్ అంది.
గుంజుడుని కళ అంది
(మనకు మొహంలో ఉండేది, వాళ్లకు నరంలో మెరుస్తుంది).
తిమ్మిరి దగ్గర మాట దొరకలేదు.
తన ముంజేతి మీద వేళ్లు పాకించింది,
బారులు బారులుగా, మణికట్టు నుంచి గోళ్ల దాకా.
డాక్టరు కుర్చీలో ముందుకు వంగాడు:
"ముంగ్యా! ముంగ్యా యేతాత్!"

చీమలు.

కాంచన నా వైపు చూసింది.
నేను అట్ట వైపు చూశాను.

తర్వాతది రాయడం కష్టం.
పొద్దున్నించీ టీ కూడా తాగని మనిషి, విసుక్కున్నాడు.
ఇన్ని రోజులూ నిద్రపోయావా అన్నాడు మరాఠీలో.
నాకు బాగా వినపడింది.
కాంచన ముసలమ్మ వైపు తిరిగి,
"ఇన్నొద్దులు ఎట్ల ఓర్సుకున్నవవ్వా, అని అడుగుతుండు" అంది.

ఎల్లుబాయి అప్పుడు తలెత్తి చూసింది డాక్టరుని.
"రాత్రి బకీట్ల నీళ్లు పోసి
అండ్ల చెయ్యి పెట్టుకొని పంటున్న కొడుకా.
అన్నం ముద్ద పట్టుకుంటే జారిపోతంది.
కోడలుకు చెప్పలే, పనికి రానంటదని."
ఇది మాత్రం ఒక్క మాట పోకుండా అందించింది కాంచన.
రాస్తున్న పెన్ను ఆగింది.
ఆయన మొదటిసారి ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

నాలుగు మార్కుల గడి ఇంకా ఖాళీ.
మాట మార్చింది, సున్నా వెయ్యాలి.
మార్చకపోతే బకీటు సంగతి బయటపడేదా?
సైకిళ్ల దగ్గర అడిగాను, ఎందుకట్లా చెప్పినవని.
"తిట్టు అవ్వకెందుకు సార్,
నా దగ్గర్నే పెట్టుకున్న."

సోమవారం హెడ్మాస్టరు అడిగాడు:
మార్కులు సరే, జవాబు కాగితం ఏది? ఫైల్లో పెట్టాలి కదా.
ఉన్నది ఒక్కటే కాగితం, మందుల చీటీ.
వెనక వైపు కాంచన సూర్యుణ్ణి గీసి పక్కన ఒక గోలీ,
చంద్రుణ్ణి గీసి పక్కన రెండు గోలీలు పెట్టింది.
అది ఎల్లుబాయి కొంగుముడిలో ఉంది.

పది రోజులకి ముసలమ్మే బడి గేటు దగ్గరికొచ్చింది.
"ఆ పిల్లేది సారూ?
చీమలు సగం పోయినయి. దాక్టరుకు చెప్పాలె."
లెక్కల పీరియడ్ మధ్యలో కాంచనని పంపాను.

ఆ సాయంత్రం పాత పేపరు వెతికి తీసి
ఐదో ప్రశ్న దగ్గర గీత పక్కన ఒకటి వేశాను.
ఇరవైకి ఏడు.
ఆ నాలుగు మార్కుల సంగతి
ఇంకా తేలలేదు.