మెడ తిప్పబడదు

బల్లార్షాల మూడో షిఫ్టు దిగిన ఈపులన్నీ
నా చెక్కబల్ల మీదికే వస్తయి.
ఎంత తోమినా బొగ్గు పోదు,
ఎన్నుపూస గాడిల సన్నటి నల్లదారం లెక్క ఉంటది.
నువ్వులనూనెల రెండు ఎల్లిపాయలు కాచి
ఆ దారం పట్టుకొని కిందికి దిగుత.
నడుము కాడ తట్టలు మోసిన ఏడాది దొరుకుతది.
భుజంల డ్రిల్లు మిషను ఇంకా వణుకుతనే ఉంటది.

రాజురాల ఒకాయన ఎవలిదో మెడ తిప్పిండంట.
టక్కుమన్నదంట.
అటెన్క ఆ మనిషి ఎడమచెయ్యి చెంబు పట్టలేదంట.
నోటీసు, వకీలు,
రెండెకరాల పత్తిచేను పాయె.
ఆ ముచ్చట ఇన్న రాత్రి
నా చేతులు నాయి గావనిపించినయి.
దిండు కింద పెట్టుకొని పండుకున్న.

తెల్లారి చాందా పోయిన.
మెట్లెక్కి బీమా ఆఫీసుల
ఝాడే సాహెబు ముంగట కూసున్న.
మరాఠీల అడిగిండు, మరాఠీలనే చెప్పిన.
గుండె మాత్రం తెలుగుల కొట్టుకున్నది.

"ఏం పని?"
"ఒళ్లు పిసుకుత."
లిస్టు మీద ఏలు పెట్టి దిగిండు.
హమాలీ ఉన్నడు, మంగలి ఉన్నడు,
పాములు పట్టేటోడు సుత ఉన్నడు.
నేను లేను.
"సర్టిఫికెట్?"
"లేదు."
"రిజిస్ట్రేషన్ నంబర్?"
ఫోన్ నంబర్ చెప్పిన.
నవ్వలేదు, మంచి మనిషి.
పెన్నుకు మూత పెట్టిండు.

"నీ చెయ్యి ఇరిగితే పాలసీ ఉన్నది.
నీ చెయ్యి ఇంకొకల్ల బొక్క ఇరిస్తే లేదు.
ముందుగాల పర్వానా, అటెన్క బీమా.
పర్వానాకు కోర్సు, కోర్సుకు పదో తరగతి."
నేను నాలుగు. అది గూడ సగమే,
వానకు బడి గోడ కూలిన ఏడాది.

ఆయన చెప్పినంతసేపు
కుడిభుజం చెవి కాడికి లేసే ఉన్నది,
ఫోను ఇరికిచ్చి ఇరికిచ్చి.
అండ్ల చింతగింజంత ముడి.
అంగీ మీదికెల్లే కనబడ్డది నాకు.
చెయ్యి లేసింది.
కుర్చీ అంచు పట్టి ఆపిన.

ఇంటికొస్తే మా బుచ్చక్క అన్నది:
"వాళ్లియ్యకుంటే మనకు మనమే కట్టుకుందం."
డాల్డా డబ్బా మూతకు కత్తితోని గాటు పెట్టింది.
ఈపుకు రెండు, మోకాలుకు రెండు,
భుజానికి అయిదు.
మెడకెంత అంటే
ఇద్దరం ఒకరి మొకం ఒకరు చూసుకున్నం.

డబ్బా ఒక్కసారే తెరిచినం.
పోయిన శ్రావణంల
కాగితం మిల్లు గోదాంల పనిచేసే కమలాబాయికి
నా బొటనేలు కింద పక్కబొక్క కలుక్కుమన్నది.
ఎక్స్‌రేకు ఎనిమిది వందలు, ఆటోకు నూటిరవై.
చిల్లర కుప్పపోస్తే కౌంటరు పిల్ల కసిరింది.
కమలాబాయి నా మీద కోపం మరిచి
నాతోని కలిసి లెక్కపెట్టింది.

డాక్టరు ఫిల్మును ట్యూబ్‌లైటుకు పట్టిండు.
ఏం ఇరగలేదు.
ముప్పై ఏండ్ల సంది నూనెచేతులతోని తడిమినయి
లోపల గింత తెల్లగ ఉంటయని
అప్పుడే చూసిన.
ఇంకొకసారి చూపియ్యుండ్రి సారు, అన్న.
ఆయనకు అర్థంగాలే.

ఇప్పుడు గోడ మీద బొగ్గుతోని రాసిపెట్టిన,
పైన మరాఠీల, కింద తెలుగుల:
మెడ తిప్పబడదు.
అయినా తిప్పుమంటరు.
"ఏం గాదు ఓదేలన్నా, కాగితం రాసిస్త,
నా పెండ్లాంతోని సంతకం పెట్టిస్త" అంటడు
పంపు కాడ పనిచేసే దుర్గం సాయిలు.
గాడి పట్టి పైకి పోయిన నా ఏలు
మెడ మొదట్ల ఆగుతది.
ఆడ నాడి కొట్టుకుంటది, బల్లి గొంతు లెక్క.
సాయిలు ఊపిరి పట్టుకొని ఎదురుచూస్తడు.
నేను తువ్వాల కప్పుత.

రాత్రి డబ్బా దులిపితే నూట నలభై,
ఒక చెల్లని అయిదు.
ఎనిమిది వందలు నిండేదాక
బరువు తగ్గించే పిసుకుత.