వెలిసిన నీళ్లు

తెల్లపొడి తెల్లగా ఉన్నంతకాలం
ఏ పనీ చెయ్యలేదు.
గోడకి వేసిన రంగులా, మొహాన పౌడరులా
వచ్చిన ఎండని వచ్చినట్టే తిప్పి పంపేది.
ఎండలో కంటికి ఆనని అంచుముక్క ఒకటుంటుందట,
దానికి మాత్రం లేచి కూచుంటుందట.
అది నూటికి నాలుగో అయిదో పాళ్లు.
మిగతా ఎండంతా
డాబా మీద వడియాలు పెట్టుకోవడానికే.

నేను అమలాపురం కాలేజీలో లాబ్ అటెండర్ని.
ఇరవై రెండేళ్లుగా గాజు కడుగుతున్నాను.
టైటానియం అనడానికి నోరు తిరక్క
తైతక్క పొడి అంటే
పెనుమాల ఝాన్సీ పడీపడీ నవ్వేది.
పరిశోధన చేసే పిల్ల. ఒకరోజు అడిగింది:
"బాబాయ్, గుప్పెడు యూరియా దొరుకుతుందా?"

మా బావమరిది దాళ్వాకి దాచుకున్న బస్తా,
మూతి విప్పితే వేపనూనె వాసన.
పొట్లం కట్టి సైకిలు మీద తెచ్చాను.
వరికి పచ్చదనం పోసే గుళికలు
అయిదు వందల డిగ్రీల కొలిమిలో
ఈ తెల్లదానికి ఏం పోస్తాయో నాకేం తెలుసు.
రెండుసార్లు కరెంటు పోయింది.
మూడోరాత్రి నేనే కాపలా పడుకున్నాను.
తెల్లారి తలుపు తీస్తే
కళ్లు మండించే గాలి,
మూస అడుగున
అప్పుడే ఈనిన గేదె జున్నుపాల రంగు.

"నత్రజని లోపల కూచుంది బాబాయ్."
శుద్ధమైనదాంట్లోకి చిటికెడు కల్తీ జొరబడితే
కంటికి కనబడే ఎండ మాట కూడా
దానికి వినబడుతుందట.
కల్తీ ఎక్కువైతే మళ్లీ చెవుడేనట.
ఎంత చాలో తేలడానికి నాలుగు నెలలు,
పందొమ్మిది మూసలు. పగిలినవి ఆరు.

బండారులంకలో
వీర్రాఘవులుగారి అద్దకం షెడ్డు వెనక
పిల్లకాలువని చూస్తే చాలు,
మగ్గాల మీదికి ఏ చీరలెక్కబోతున్నాయో ఊరికి తెలుస్తుంది.
ఆ గురువారం నెమలికంఠం.
రెండు డబ్బాలు ముంచుకున్నాం.
ఆయనా వెంట వచ్చాడు, స్కూటరు వెనక కూచుని,
గోళ్ల కింద నలభై ఏళ్ల నీలంతో.

కాలేజీ డాబా మీద రెండు గాజుగ్లాసులు.
రెంటిలోనూ పొడి.
ఒకదానికి నల్లగుడ్డ ముసుగు.
పదకొండింటికి కొబ్బరితోటల మీంచి మబ్బు.
ఝాన్సీ గోళ్లు కొరుక్కుంది.
మబ్బు తప్పుకుంది.
మూడయ్యేసరికి
ముసుగులో నెమలి నెమలిలాగే ఉంది.
ఎండలోది ముందు బూడిద, తరవాత కలిగంజి,
పొడి తేరుకున్నాక
లేతబొండాం నీళ్లు.

వీర్రాఘవులుగారు చాలాసేపు మాట్లాడలేదు.
"ఆయ్... రంగు వెలవకుండా చూడ్డమే
మా తాతలనాటి నుంచీ మా బతుకండి.
వెలవబెట్టడానిక్కూడా చదువుందన్నమాట."
కాసేపాగి, "ఎక్కడికి పోయిందమ్మా?"
ముక్కలైందని, గాలిలో కలిసిందని చెప్పింది.
ఆయన ఆకాశంలోకి చూశాడు,
అక్కడెవరో చీర ఆరేసినట్టు.

మెషీను తొంభై ఆరు శాతం అంది.
ఆయన జేబులోంచి పట్టుపోగొకటి తీసి
గ్లాసులో వదిలాడు.
బీడీ కాలినంతసేపు ఆగి
పైకెత్తి ఎండకి పట్టాడు.
మాకేమీ కనబడలేదు.
"కొసన చూడండి. ఇంకా ఉంది."
ఉంది.
ఉందని చెప్పాకే ఉంది.

ఝాన్సీ ఆ పోగుని
నోటుబుక్కులో తొంభై ఆరు పక్కన అతికించింది.
"మా కాలవలో బురదండి,
ఎండ రెండు వేళ్ల లోతు దిగదు. అక్కడో?"
దానికి పక్కన అతికించడానికి
ఆమె దగ్గర ఇంకా ఏమీ లేదు.

సాయంత్రం గ్లాసులు నా చేతికొచ్చాయి.
పంపు తిప్పబోయి ఆగాను.
ఈ తొట్టి నీళ్లు మురుగుకాలవలోకి,
మురుగుకాలవ కౌశికలోకి,
అక్కడ గాలం వేసుక్కూచునే పిల్లలు నాకు తెలుసు.

నల్లగుడ్డ తీసేసి
నెమలి గ్లాసుని పడమటి కిటికీలో పెట్టాను.
ఇంకో గంట ఎండ ఉంది.