నీరెక్కని బోటు

బలుసుతిప్ప రేవులో అందరికీ తెలిసిపోయింది
నా బోటు నీరెక్కడం లేదని.
మునుపు యాక్సిలేటరు సగం తిప్పితే చాలు,
ముక్కు ఒక్కసారి పైకెత్తి, వెంటనే దించి
గౌతమిని బ్లేడుతో కోసినట్టు పోయేది.
ఇప్పుడు ఎంత తిప్పినా
ముక్కు పైకే, వెనక గోతిలోకే.
ధాన్యం బస్తాతో బల్ల ఎక్కుతున్న కూలీలా
ఒకటే ఆయాసం.
ఇరవై నిమిషాల యానాం యాభై నిమిషాలైంది.
నా పీతలు గట్టు ఎక్కేసరికి
పాటదారులు చేతులు కడుక్కుంటున్నారు.

పినపోతు లోవరాజు వచ్చాడు,
చెవి మీద బీడీ, జేబులో ప్లగ్గు స్పానరు.
తాడు లాగి, కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు.
"ఇంజిను ఏ పాపమూ ఎరగదు" అన్నాడు.
అయినా ప్లగ్గులు మార్చాడు,
కార్బురేటరు విప్పి కడిగాడు,
ఆ పాపమెరగని దానికి డబ్బులూ తీసుకున్నాడు.

తర్వాత బరువు.
పెట్రోలు డబ్బా ముందుకి జరిపాం, ఐసు పెట్టె ముందుకి.
మా బావమరిది ఏసుదాసు నూట పది కిలోలుంటాడు,
వాణ్ణి ముక్కు మీద కూర్చోబెట్టాం.
వాడు తడిసి ముద్దయ్యాడు. బోటు లేవలేదు.

అడుగున పట్టిన గుల్లలు గీకాం.
పంకా ఇరుసుకి చుట్టుకున్న టంగీసు కోసి తీశాం.
ఇంజినుని ఒక కన్నం పైకి బిగించాం, కాదని ఒక కన్నం కిందికి.
పదమూడు పిచ్ పంకా పీకేసి
కాకినాడ నుంచి పదకొండుది తెచ్చాం, ఆరు వేలు.
ఇంజినుకి గొంతు పెరిగింది.
అంతే.

సంగతి పట్టింది కాసులమ్మ, గట్టు మీద వల దులుపుతూ.
"పోటుకి అన్ని బోట్లూ బురద వదిలాక
ఆఖరికి మనదే లేస్తోంది, చూశావా?"
చూడలేదు.
నెల రోజులుగా నేను ఇంజిను మొహమే చూస్తున్నాను.

మర్నాడు నిలబడి చూశాను.
బురద మీద పన్నెండు బోట్లు.
మడ వేళ్ళ సందుల్లోంచి చప్పుడు లేకుండా నీరొచ్చింది.
ఒక్కొక్కటీ తాడు బిగించి పక్కకి ఊగింది.
మాది పడుకున్న గేదెలా కదల్లేదు.

లోవరాజు డెక్కుకి కన్నం వేశాడు.
లోపలి స్పాంజిలోంచి నీళ్ళు
కారాయి, కారాయి, పొద్దెక్కేదాకా కారుతూనే ఉన్నాయి.
వాడు వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.
"ఉప్పు లేదేటి?"

ఈ చైత్రంలో మా ఏరంతా ఉప్పే.
తీపి ఉండేది వరదలోనే.
అంటే శ్రావణం నీళ్ళు ఇవి,
ఎనిమిది నెలలుగా కడుపులో మోస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది.
ఆ వరద రాత్రి మరిడమ్మ కోడలికి నొప్పులు.
బోటులో నులకమంచం జారిపోతుంటే
టార్చి నోట కరుచుకుని
కోళ్ళు కట్టడానికి నాలుగు కొక్కేలు
నేనే బిగించాను డెక్కులోకి.
తర్వాత పీకేశాను.
కన్నాల సంగతి ఎవరికి గుర్తు?
ఆ పిల్లకి ఇప్పుడు పళ్ళొస్తున్నాయి.

కోసి తీసిన స్పాంజిని పీతల కాటాలో తూచాం.
మొత్తం తొంభై ఆరు కిలోలు.
"ఏసుదాసుకి తమ్ముడు" అన్నాడు లోవరాజు.
ఏసుదాసు నవ్వలేదు.

కొత్త స్పాంజి, పైన రెజిన్, రెండు రోజుల ఎండ.
మూడో పొద్దున యాక్సిలేటరు తిప్పాను.
ముక్కు లేచింది.
ఊపిరి బిగబట్టాను.
దిగింది.
ఇంజిను గొంతు సన్నబడింది,
అరికాళ్ళ కింద నీళ్ళు రోడ్డులా గట్టిగా తగిలాయి.
పాత పంకాతోనే.

పదకొండుది ఇంట్లో గోడకి వేలాడుతోంది.
కాసులమ్మ దాని రెక్కకి తాళాలు తగిలిస్తుంది.
వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తుంది,
ఆరు వేల రూపాయల కొక్కెం అని.