మధ్యలో నిలిచిన ముల్లు

మొగిలి ఘాట్‌లో మూడో మలుపు దగ్గర
బెల్లం వాసనొచ్చింది.
ఎక్కడో గానుగ ఆడుతున్నారనుకున్నాను.
మే నెలలో గానుగేమిటని తోచనే లేదు.
మీటర్లో ముల్లు మధ్యలోనే ఉంది,
ఈ పాత జెన్ కొన్ననాటి నుంచీ ఉన్నచోటే,
బుద్ధిమంతుడిలా.

నాలుగో మలుపులో బానెట్ అంచుల్నుంచి
ఇడ్లీ గుండాన మూత తీసినంత ఆవిరి.
లారీ ఆయనొకడు కిందికి దిగకుండానే అరిచాడు:
"మూత తియ్యొద్దు తల్లీ, మొఖం ఉడికిపోతాది!
ఓ గంట ఆరనీ, నీళ్ళు పొయ్యి,
హీటరు ఫుల్లుగా పెట్టుకుని నిదానంగా దిగిపో."

అద్దాలు నాలుగూ దించి
ఇంజను జ్వరంలో సగం నా ఒంటికెక్కించుకుని
చిత్తూరు దాకా వచ్చాను.
వెనక సీట్లో పశువుల టీకాలు
ఐసుపెట్టెలో హాయిగా ఉన్నాయి.

మురకంబట్టు షెడ్డులో జిలానీ
బండి వైపు చూడనైనా చూడలేదు.
"వేడి మీదేం తెలస్తాదక్కా?
రాత్రంతా ఉండనీ. పొద్దున్నే రా."
నేనూ రైతులకి చెప్పేది అదే:
ఎండన పడి తోలుకొచ్చిన ఆవుని
ముందు నీడన కట్టేయండి, థర్మామీటరు తర్వాత.

పొద్దున మూత తిప్పాడు.
లోపల కూలెంట్ గుక్కెడు,
మిగతాదంతా బోరు నీళ్ళు, తుప్పు కలిసి పానకం రంగు.
ఆయిలు మూత కింద వేలితో గీసి చూపించాడు.
"మజ్జిగ మాదిరి తెల్లగుంటే హెడ్డు పోయినట్టు.
నల్లగానే ఉండాది. బతికినావు."

తాళం తిప్పమన్నాడు.
నీళ్ళలో బుడగల కోసం చాలాసేపు వంగి చూశాడు,
గుడ్లు పొదిగే కోడి దగ్గర కూర్చున్నట్టు.
లేవు.
ఫ్యాను తిరగలేదు.
ఇంజను నెత్తి కాలుతోంది,
పై గొట్టం మీద నా చెయ్యి తీసి పెట్టాడు:
గోరువెచ్చగా కూడా లేదు.
"నీళ్ళు బయటికి రాలా. లోపల్నే గడియ పడిండాది."

ఆ గడియ పేరు థర్మోస్టాట్.
బొటనవేలంత రాగి, దాని మీద బిళ్ళ.
పక్కన టీ బంకులో మణి తిడుతూనే ఇచ్చిన గిన్నెలో
దాన్ని వేసి మరగబెట్టాం.
నీళ్ళు తెర్లాయి.
ముగ్గురు టీ తాగేవాళ్ళు, మేము, ఒక కుక్క
చూస్తూ నిలబడ్డాం.
బిళ్ళ కదల్లేదు.
"ఆ గిన్నె నాకొద్దులే" అన్నాడు మణి.

అప్పుడు గుణశేఖర్, ఇంకా మీసాలు రాని పిల్లోడు,
డ్యాష్‌బోర్డు కిందనుంచి అడిగాడు:
"అన్నా, తాళం తిప్పీ తిప్పంగానే,
ఇంజను ఇంకా చల్లగుండంగానే,
ముల్లు మధ్యకెట్లా వచ్చింది?"

ఎవరూ మాట్లాడలేదు.
స్క్రూలు నాలుగు విప్పాక దొరికింది,
సెన్సరు తీగ కోసేసి, దాని బదులు అతికించిన
బియ్యపు గింజంత రెసిస్టరు.
మంచులోనైనా, మంటలోనైనా
ముల్లుకి ఒకే మాట నేర్పిన గింజ.

గ్రీమ్స్‌పేట లెక్చరరు గుర్తొచ్చాడు.
"ఎనిమిదేళ్ళమ్మా, ఒక్కసారి పైకి లేవలేదు, చూసుకోండి"
అని ముల్లు చూపించి
నా చేత పాతిక వేలు ఎక్కువ పెట్టించిన మనిషి.
తిట్లు నోటిదాకా వచ్చాయి,

అక్కడే ఆగాయి.

పలమనేరు సంతలో పోయినేడు,
చీకటి పడుతుంటే, పద్నాలుగు ఆవులు మిగిలి ఉంటే,
సర్టిఫికెట్ల మీద వరసగా రాశాను:
నూటొకటిన్నర, నూటొకటిన్నర, నూటొకటిన్నర.
థర్మామీటరు సంచిలోంచి తీయలేదు.
వాటిలో ఒకటి, చెవులు వేలాడేసుకున్న ఎర్రావు,
ఎవరు కొన్నారో,
ఏ మలుపు దాకా నడిచిందో.

కొత్త థర్మోస్టాట్, కొత్త స్విచ్చి, గొట్టాలు,
కూలెంట్ సగం, మంచినీళ్ళు సగం:
నాలుగు వేల రెండొందలు.
రెసిస్టరు పారెయ్యబోతే అడిగి తీసుకున్నాను.
థర్మామీటరు డబ్బాలో ఉంది, దాని పక్కనే.

ఇప్పుడు ఘాట్ ఎక్కుతుంటే ముల్లు కదులుతుంది.
కొంచెం పైకి, ఫ్యాను మొదలయ్యాక కొంచెం కిందికి.
కదిలినప్పుడల్లా నా గుండె జారుతుంది.
రోడ్డు మీద ఒక కన్ను, దాని మీద ఒక కన్ను.
మొన్న జిలానీకి ఫోన్ చేశాను,
"సగం దాటి ఓ గీత పైకెళ్ళిందయ్యా" అని.

"పోనీలే అక్కా" అన్నాడు,
"చెప్తా ఉండాది కదా."