గోటి పరీక్ష

ఒరూరోలో జూలై గాలికి ఉప్పు రుచి.
రైలు పట్టాల వెనక, రేకుల షెడ్డులో
దొన్యా సతుర్నీనా మరలు అమ్ముతుంది.
అమ్ముతుందనకూడదు.
ముందు అడుగుతుంది.

సంచి మూతి విప్పమంటుంది.
రాయి తీసి గోటితో గీస్తుంది.
గీత పడిందా, నవ్వుతుంది:
"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు నాయనా?"
జిప్సానికీ సుద్దకీ రోలర్ మిల్లు చాలు.
చక్రాలు వలయం మీద దొర్లుతుంటే
మెత్తనిదాన్ని గాలి ఎత్తుకుపోతుంది.
ముతకది మళ్ళీ కిందికే,
పరీక్ష తప్పిన పిల్లాడిలా అదే తరగతికి.

గోరు ఓడితే రాగి నాణెం.
నాణెం ఓడితే మేకు.
మేకు తానే అరిగి
రాయి మీద వెండిగీత వదిలితే
ఆమె నవ్వదు.
కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంది.

పిండి కొద్దీ రొట్టె అన్నది వంటింటి లెక్క,
ఆమెది రాయి కొద్దీ మర.

నేను పనికి చేరిన మొదటి ఏడు
నాకు తెలిసిందల్లా హార్స్‌పవర్.
మిరపకాయలు తెచ్చిన ఒకామెకు
సన్న జల్లెడ బిగించి
హామర్ మిల్లు అంటగట్టాను.
వారానికే తిరిగొచ్చింది.
ఎరుపు పోయి ఇటుక రంగు,
ఘాటంతా మర వేడికి ఎగిరిపోయింది,
జల్లెడ కళ్ళల్లో నూనె జిగురు.
దొన్యా నన్నొక్క మాటనలేదు.
ఆ పొడి నా సూపులో చెంచాడు వేసి
"తాగు" అంది.
సంచి అయ్యేదాకా తాగాను.

అప్పట్నుంచి వేడిని అడుగుతాను.
తడిని అడుగుతాను:
చెమ్మ మట్టి బాల్ మిల్లు గోడకు అంటుకుంటే
ఉక్కు గుండ్లు పరుపు మీద పడ్డట్టు
చప్పుడు లేకుండా పడతాయి.
తెలుపును అడుగుతాను:
పింగాణీకి పోయే రాయిని ఉక్కు తాకకూడదు,
గులకరాళ్ళతోనే నూరాలి,
ఒక్క ఇనుప మరక చాలు కప్పు నల్లబడటానికి.

అడగకూడనిది ఒకటుందని
దోన్ ఫావుస్తినో వచ్చిన రోజు తెలిసింది.

ఇరవయ్యారేళ్ళు గనిలో.
రుమాలులో మూటగట్టిన డబ్బు.
పాత గుట్టలోంచి ఏరుకొచ్చిన తెల్లరాయి,
అందులో ఆవగింజల్లా నల్లటి తగరం.
"వేగంగా తిరిగేది కావాలి.
నీళ్ళ గొడవొద్దు. పిండి చేసెయ్యాలి."
మధ్య మధ్య దగ్గు.
ఆమె రాయిని గీయలేదు.
దగ్గు ఆగేదాకా ఊరుకుంది.

"పిండి చేస్తే తగరం పోతుంది" అంది.
"బరువుంటేనే అడుగున ఆగుతుంది.
మరీ నూరితే బురదలో కలిసి
నీళ్ళ వెంట కాలవలో పడుతుంది.
గింజ రాతిని వదిలిందా, అక్కడ ఆపాలి.
రాడ్ మిల్లు తీసుకో, నీళ్ళతో తిప్పు.
కడ్డీలు పెద్ద ముక్కనే ముందు పట్టుకుంటాయి,
చిన్నదాన్ని వదిలేస్తాయి."

దుమ్ము మాట ఎత్తలేదు.
ఆయనా ఎత్తలేదు.

ధర చెప్పింది. తగ్గించి చెప్పింది.
రుమాలు విప్పి, లెక్కపెట్టి, మళ్ళీ ముడేశాడు.
ఎదుటి కొట్లో హామర్ మిల్లు సగానికే వస్తుంది.
గేటు దగ్గర
రెండు కొట్ల మధ్య
చాలాసేపు నిలబడ్డాడు.
దుమ్ము లేచింది, లారీ అడ్డొచ్చింది,
తర్వాత అక్కడ లేడు.

రాయి మాత్రం మా బల్ల మీద ఉండిపోయింది.
చీటీ రాసి కట్టమంది, రాశాను:
తగరం. రాడ్ మిల్లు. నీళ్ళతో.
ఆమె కలం లాక్కుని
కింద ఇంకో మాట చేర్చింది:
ముక్కుకు గుడ్డ.

సెప్టెంబరు వచ్చింది.
మూల ఉన్న పాత రాడ్ మిల్లుకు
ఆమె ఇంకా ధర చీటీ అంటించలేదు.
గేటు కిర్రుమన్నప్పుడల్లా
ఇద్దరం తలెత్తుతాం.
ఎవరో సున్నపురాయితో వస్తారు.
సంచి విప్పమంటాను.
గోరు చాస్తాను.