రబ్బరు పొడి

శామియానా వేయలేదు, బడ్జెట్‌ల లేదన్నరు.
కానుగ నీడల
పట్నం నుంచి వచ్చిన పార్కు నక్ష
నేనే నేల మీద పరిచిన.
గాలికి లేవకుండ
ఒక మూల ఇటుక పెళ్ల,
ఒక మూల హమాలీ లింగస్వామి సద్ది టిఫిను,
ఒక మూల ఎవరో చిన్నపిల్ల చెప్పు,
నాలుగో మూల నా మోకాలు.

మిర్యాలగూడల ఏ కాయితం పరిచినా
పావుగంటల నల్లబడ్తది.
మిల్లు గొట్టాల నుంచి ఊక బూడిద
నక్షల నీలిరంగు ఫౌంటేను మీద
ముందుగాల వాలింది.

"చెప్పుండ్రి, మీకేం కావాలె" అంటే
అరగంట దాక పార్కు ముచ్చటే రాలేదు.
మోరీ ముచ్చట. పందుల ముచ్చట.
ఆగిపోయిన పింఛను ముచ్చట.
అభిప్రాయాల రిజిస్టరుల
ఒకటో నంబరు: మోరీ.

తర్వాత ఒక్కొక్కరే వంగి చూసిండ్రు.
కానిస్టేబులు పరీక్షకు ఉరికే నస్రీన్
"తెల్లారగట్ల నాలుగింటికి లైట్లుండాలె సార్,
నా అడుగు నాకు కనబడాలె" అన్నది.
ఆ మాట మీదనే ఖాసింబీ
(కోడలు దవఖానల, తను బయట, మూడు రాత్రులాయె)
"ఒక్క బెంచీ కాడన్న చీకటి ఉంచు బిడ్డా,
మొఖం మీద లైటుంటే ఏడ్వనీకి రాదు."
రెండూ రాసిన.
ఒకటే గడిల.

ఒక పోరడు జాగ కావాలన్నడు.
ఆడనీకా?
"కాదు, పడనీకి. ఇసుక పొయ్యుండ్రి."

లింగస్వామికి ఎత్తు బెంచీ కావాలె.
బస్తా దించుకునేంత ఎత్తు.
చిన్ననాటి బోరు నీళ్లు
ఇంకా ఆయన మోకాళ్లల్ల గడ్డకట్టి ఉన్నయి.
టేపు తీసి కొలిచిన: ఇరవై రెండు అంగుళాలు.
పట్నం నక్షల పదహారు.

అందరయినంక వచ్చింది అండాలు,
పార్కు ఊడ్చే అండాలు.
చీపురు పక్కకు పెట్టి
బెంచీ బొమ్మ మీద వేలు పెట్టి
"నడుమ ఈ ఇనుప చెయ్యి ఎవరిది?" అన్నది.
ఎవరిదీ కాదు,
ఎవరూ పండుకోకుండ, అని
పట్నం ఇంజినీరు నవ్వుకుంట చెప్పిండు.
ఆమె నవ్వలే.
"దవఖానకొచ్చినోళ్లు పండుకుంటరు సారూ.
పొద్దుగాల నేనే లేపుత.
ఒకనాడు లేపితే ఒకామె లేవలే.
ఆ బెంచీ జాగలనే మీరు
ఎగిరే నీళ్లు గీసిండ్రు."

ఊక బూడిద రాలుతనే ఉన్నది.
ఎవరో దగ్గిండ్రు.

తూర్పు గోడల సందు ఆమెనే చూపిచ్చింది.
మూడుసార్లు కట్టినం, మూడుసార్లు కూలింది.
స్టేషన్ కాయితాలల్ల కూలగొట్టినోని పేరు
గుర్తు తెలియని వ్యక్తి.
"గుర్తు తెల్వకేంది?
బస్తీ నుంచి దవఖానకు గేటు తిరిగి పోతే అర కిలోమీటరు.
పురిటినొప్పికి అర కిలోమీటరు తెల్వది."

పెన్సిలిచ్చిన.
సందు నుంచి దవఖాన దిక్కు
పచ్చికను కోసుకుంట గీత గీసింది.
కానుగ కాడ గీత వంకర పోయింది.
చెయ్యి వణికిందనుకున్న.
సాయంత్రం నడిచి చూస్తే
బాట నిజంగనే అక్కడ వంకర.

ముప్పయొక్క ఏండ్ల నౌకరీల
స్కేలు పెట్టి ఎన్ని గోడలు గీసిన్నో.
రబ్బరుతోటి గోడ కూలగొట్టింది
ఆ రాత్రే మొదలు.
ఐదడుగులు చెరిపిన.
స్ట్రెచరు పట్టాలె గద,
ఇంకో అడుగు.

కమిషనరు ఎర్ర సిరా ఏం చేస్తదో తెల్వదు.
లైటు ముచ్చట తెగలే.
ఇనుప చేతులు సగమే పోయినయి.
ఫౌంటేను నాలుగు గజాలు జరిగింది, అంతే.

రబ్బరు పొడి ఊదిన.
గుర్తుల పట్టికల ఆ సందుకు
ఏం పేరు రాయాలె?
గేటని రాస్తే తాళమడుగుతరు.
ఉత్తగ ఇడిసిపెట్టిన.