ఐదు బొటనవేళ్ళు

మంగళవారం పొద్దున ఏడింటికి
వాంబే కాలనీ మెట్ల కింద చాప పరుస్తాను.
చాప నాది.
పెన్ను కంపెనీది.

నాంచారమ్మకి ఇడ్లీ బండి,
ఖైరున్నీసాకి గాజుల బుట్ట,
సీతారావమ్మ పాత చీరలకి స్టీలు గిన్నెలిస్తుంది,
నాది ఉల్లిపాయల తోపుడు బండి,
మార్తమ్మది కుట్టు మిషను.
ఒకరికొకరు పూచీ అన్నారు.
సంతకం వచ్చినా వేలిముద్రే కావాలన్నారు.
ఒకే కాగితం మీద ఐదు వేళ్ళు
ఒక్క చేతివే అన్నట్టు పడ్డాయి.
అన్నీ బొటనవేళ్ళే.
వాటితో పిడికిలి బిగియదని
అప్పుడెవరికీ తోచలేదు.

అబద్ధమెందుకు, మొదటి ఏడు బాగానే గడిచింది.
కాల్‌మనీ వాడి బుల్లెట్టు చప్పుడు
మా సందు మర్చిపోయింది.
మార్తమ్మ కూతురు నర్సింగులో చేరింది.
చాప మీద కిస్తీకి ముందు కూరల సంగతి,
కిస్తీ అయ్యాక మొగుళ్ళ సంగతి.
నవ్వీ నవ్వీ ఖైరున్నీసాకి ఎక్కిళ్ళొచ్చేవి.

తర్వాత బుడమేరు ఇళ్ళలోకొచ్చింది.
మిషను ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంది.
ఎండబెట్టి, కొబ్బరినూనె పోసి,
మార్తమ్మ చక్రాన్ని బతిమాలింది.
కంపెనీ రెండు నెలలు గడువిచ్చింది గానీ
వడ్డీకి ఈతొచ్చు.

మూడో నెల మార్తమ్మ చాప మీదికి రాలేదు.
వసూలుకొచ్చే నూజివీడు కుర్రాడు మంచోడే,
వాళ్ళమ్మ కంటి ఆపరేషను గురించి
మాతోనే చెప్పుకున్నాడు.
"ఐదోది పడేదాకా లేవకండమ్మా" అన్నాడు,
ట్యాబులోంచి తలెత్తకుండా.
తొమ్మిదయింది.
నాంచారమ్మ పిండి పులిసిపోతోంది.
నా ఉల్లిపాయల మీదికి ఎండ ఎక్కింది.

మార్తమ్మ గుమ్మం ముందు అరిచింది
ఆ కుర్రాడు కాదు,
మేమే.
"కూతురి ఫీజుకి ఉంటాయి గానీ..."
ఆ మాట మాత్రం నాది,
వేరేవాళ్ళ మీదికి నెట్టలేను.

తలుపు తెరుచుకోలేదు.
మధ్యాహ్నం తనే వచ్చి
ఏడొందల నలభై, చిల్లరతో సహా,
నా అరచేతిలో లెక్కపెట్టింది.
ఎక్కడివని నేనడగలేదు.
సాయంత్రం సందు మొదట్లో
బుల్లెట్టు ఆగిన చప్పుడు.

మా గ్రూపుది నూటికి నూరు వసూలట.
పెద్ద లోను ఇస్తామన్నారు,
నలుగురం ముద్రలేశాం, మార్తమ్మా వేసింది.
మంగళవారం మంగళవారం
చాప మీద ఐదుగురం కూర్చుంటాం.
మధ్యలో ఇంకొకరు పట్టేంత జాగా ఉంటుంది.
కిస్తీ కట్టి లేస్తాం.

ఈ వారం ఏం వండుకున్నామో
ఎవరికీ తెలీదు.